ఏరు దాటిన బల్ల

మా ఇంటి వసారాలో ఒక ఇనప బల్ల ఉండేది. ఆ వానాకాలం దాన్ని మా చేతులతో మేమే కోసి ముక్కలు చేశాం. ఎందుకు కోశామని ఎవరైనా అడిగితే అత్తయ్య సంగతి చెప్పాలి. అత్తయ్య సంగతి ఎత్తితే నాకు ఏడుపూ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఏది ముందొస్తే దానితోనే మొదలుపెడతాను.

మా ఆయన వెల్డరు. గేట్లు, కిటికీ గ్రిల్లులు, మెట్ల పక్కన రెయిలింగులు చేస్తాడు. ఆయన అతుకుతాడు, నేను గ్రైండరు పట్టి ఆ అతుకు నున్నగా చేసి రంగు వేస్తాను. మా పనంతా ఆ బల్ల మీదే సాగేది. పైన వేలు మందాన ప్లేటు, కింద బరువైన ఇనప చానలు కాళ్లు. మట్టం పెడితే బుడగ నడిమధ్యన కూర్చుని కదిలేది కాదు. దాని మీద పరిచి, క్లాంపులు బిగించి అతికామంటే ఎంత పెద్ద గేటైనా గీత గీసినట్టు వచ్చేది. అత్తయ్య ఆ బల్లని "నా పెద్ద కోడలు" అనేది. "ఎన్ని సుత్తి దెబ్బలు వేసినా నోరెత్తదు, నీలాగా కాదు" అని నాకు వినబడేటట్టు మరీ అనేది.

అత్తయ్యకి కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి రెండుసార్లు ఏటి అవతల ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి, మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. తీసుకెళ్లి తీసుకొచ్చేది మా మరిది. వాడికో పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. కొండదారుల్లో జనాన్నీ సరుకుల్నీ తిప్పుతుంటాడు. అది దగ్గుకుంటూ ఇంటి ముందు ఆగినప్పుడల్లా అత్తయ్య, "ఒరేయ్ చిన్నోడా, దీనికంటే నా కిడ్నీలే నయంరా" అనేది. అని, తనే ముందు నవ్వేది.

వానలు మొదలైన కొన్నాళ్లకే వంతెన కొట్టుకుపోయింది. కొండవైపు దారి మీద మట్టి విరిగిపడింది. అటూ పోలేం, ఇటూ పోలేం. ఏట్లో పడవ వేద్దామంటే అడుగంతా రాళ్లు, నడిచి దాటుదామంటే నడుము లోతు నీళ్లు, మనిషిని నిలబడనివ్వని వడి. ఆఫీసులకి ఫోన్లు చేస్తే చూస్తామన్నారు, పంపిస్తామన్నారు. చూడనూ లేదు, పంపనూ లేదు.

"బండి దాటుతుంది వదినా. పాత రేవు దగ్గర అడుగు గట్టిగా ఉంటుంది" అన్నాడు మరిది.

ఒడ్డున ఒక ట్రాక్టరు నిలబెట్టాలి. దాని ఇనప తాడు బండి వెనక్కి కట్టుకుని ఏట్లోకి దిగాలి. చక్రం దిగబడినా, వడికి బండి పక్కకి జారినా ట్రాక్టరు వెనక్కి లాగి పట్టుకుంటుంది. అదీ ఉపాయం. ట్రాక్టరాయన మంచివాడు, పిలవగానే వచ్చాడు. మా ఆయన తాడు చూసుకుంటూ ఒడ్డునే ఉండిపోయాడు. అత్తయ్యా నేనూ బండిలో వెనక సీట్లో కూర్చున్నాం.

ఏటి మధ్యలో ముందు చక్రం గోతిలో పడింది. మరిది చెయ్యి ఊపాడు. ట్రాక్టరు లాగింది. వెనక ఫెళ్లుమని చప్పుడైంది. తిరిగి చూస్తే తాడు చివర మా బంపరు నీళ్ల మీద ఎగురుకుంటూ ఒడ్డుకి పోతోంది. మేం మాత్రం ఏట్లోనే ఉన్నాం. బండి ఒక్కసారిగా పక్కకి జరిగింది. తలుపు సందుల్లోంచి నీళ్లు లోపలికొచ్చి అత్తయ్య పాదాల మీదికి ఎక్కాయి. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు చాలా రోజులు పోలేదు.

"అమ్మాయ్, నన్ను నీళ్లలో చావనివ్వకే. ఎక్కడైనా సరే గానీ, నీళ్లలో మాత్రం వద్దే."

ఒడ్డునున్న మగాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వరసగా దిగొచ్చారు. మా ఆయన ఆవిడని భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. బండిని తర్వాత ఇరుసుకి తాడు కట్టి లాగితే అదీ వచ్చింది, దాంతోపాటు బ్రేకు గొట్టమూ తెగి వచ్చింది. అత్తయ్య ఇంటికి రాగానే మంచమెక్కింది. గోడవైపు తిరిగి పడుకుని ఒకే మాట చెప్పింది.

"ఇక నేను ఆ బండి ఎక్కను. పోతే ఈ మంచం మీదే పోతాను. పొడిగా."

ఆ రోజు జరగాల్సిన డయాలసిస్ జరగలేదు. ఆ తర్వాతదీ జరగలేదు.

ఆసుపత్రి నర్సమ్మకి ఫోను చేస్తే ఆవిడ గొంతు మారిపోయింది. నీళ్లు తగ్గించండి, పళ్లు పెట్టొద్దు, ఆయాసం మొదలైతే మాత్రం ఎలాగైనా తీసుకురండి అంది. ఎలాగైనా అంటే ఎలాగమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. అత్తయ్యకి చిన్న గ్లాసుతో కొలిచి నీళ్లిచ్చేదాన్ని. బయట చూరు నుంచి ధారగా కురుస్తుంటే, లోపల ఆవిడ తడి గుడ్డతో పెదాలు తుడుచుకునేది. ఆవిడ కాళ్ల మీద వేలుపెట్టి నొక్కితే పడ్డ సొట్ట ఎంతకీ నిండేది కాదు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పాలన్నా చప్పుడు ఆవిడకి వినబడుతుందేమోనని భయమేసేది.

అన్నదమ్ములిద్దరూ బండి కింద దూరి చూశారు. మరిది స్క్రూడ్రైవరుతో బండి అడుగున చాసీ చట్రం వెనక కొసని పొడిచాడు. అది మెత్తగా లోపలికి దిగిపోయింది.

"తుప్పు తినేసింది అన్నయ్యా. బంపరొక్కటే పోలేదు, అది పట్టుకున్న ఇనుమే పోయింది."

"ముందుకి పోతే గట్టిగానే ఉంది" అన్నాడు మా ఆయన, సుత్తితో తట్టి వింటూ. "రెండు పొడుగాటి ఇనప చేతులు చేసి అక్కడ పట్టించాలి. ఆ చేతులకి అడ్డంగా బంపరు. తాడు కట్టే హుక్కులు సరిగ్గా చేతుల ఎదురుగా రావాలి. అప్పుడు లాగుడంతా మంచి ఇనుము మీద పడుతుంది."

"దానికి మందం ప్లేటు కావాలి కదా?"

"కావాలి. బరువు చానలు కూడా."

ఇనప కొట్లన్నీ ఏటి అవతలే ఉన్నాయి. ఇంట్లో ఉన్నదల్లా గ్రిల్లులకి వాడే సన్న కడ్డీలూ పట్టీలూ. అన్నదమ్ములు బండి కిందనుంచి లేచారు. ఇద్దరి చూపులూ ఒక్కచోటే ఆగాయి. ఆగి, వెంటనే పక్కకి తప్పుకున్నాయి. నాకు ఒళ్లు మండింది.

"అలా దొంగ చూపులు చూస్తారేంటి? కొయ్యండి."

"బల్ల కోస్తే మన పనేం కావాలే?" అన్నాడు మా ఆయన. "ఇలాంటి ప్లేటు మళ్లీ మన జన్మలో కొనగలమా?"

"ఆవిడ లేకపోయాక బల్ల వేసుకుని ఊరేగుతారా?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసరికి ముగ్గురం గతుక్కుమన్నాం. వసారా వైపు కిటికీ తెరిచే ఉంది, అత్తయ్య మంచం ఆ కిటికీ కిందే.

"ఏం కోస్తున్నారర్రా?" అంది లోపల్నుంచి.

మరిది బల్ల మీది క్లాంపులు విప్పుతున్న చప్పుడు ఆవిడకి వినబడింది.

"నా పెద్ద కోడల్నా? మతి పోయిందా మీకు? ఎక్కనని చెప్పానా లేదా? ఎక్కని బండికి బంపరెందుకురా?"

మా ఆయన గ్రైండరు చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ బల్ల ఆయన తన చేత్తో చేసుకున్నది. నేను ఆయన చేతిలోంచి గ్రైండరు లాక్కున్నాను. కోత చక్రం బిగించి, ప్లేటు అంచు మీద పెట్టి నొక్కాను. నిప్పురవ్వలు వసారా దాటి వానలోకి పోయాయి. కళ్లద్దాల వెనక నేను ఏడుస్తున్నానని ఎవరికీ తెలియలేదు, తెలిసినా ఏం లాభం లేదు.

కోత మధ్యలో కరెంటు పోయింది. ఆ సందులో లోపలికెళ్లి అత్తయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అత్తయ్యా, మీరు కాలు ఎంత ఎత్తు ఎత్తగలరు?"

"ఎందుకే? నిన్ను తన్నడానికా?"

"అబ్బా, ఎత్తండి ఒకసారి."

ఆవిడ నన్ను అనుమానంగా చూసి, మంచం పక్కన నిలబడి, నా భుజం ఆసరాతో వాచిన కాలు కొంచెం పైకెత్తింది. అంతకు మించి లేవలేదు. నేను సుద్దముక్కతో మంచం కోడు మీద ఒక గీత గీశాను. బంపరుకి మధ్యలో ఆ ఎత్తున ఒక మెట్టు పెడితే ఎవరూ ఎత్తుకోకుండా ఆవిడే ఎక్కుతుందని నా ఆశ. ఆవిడకి అర్థమైంది.

"పిచ్చిదానా" అంది. "పెద్ద కోడలు పోయింది, చిన్న కోడలికి మతి పోయింది." ఆ రెండు ముక్కలకే ఆయాసపడింది. మొదటిసారి ఆ ఆయాసం విన్నాను.

కరెంటు వస్తూ పోతూ ఉంది. వచ్చినప్పుడల్లా పనిచేశాం. ముక్కలన్నీ కోయడం అయ్యాక వసారా నేల మీద పరిచి, కొలతలు చూసుకుని, మా ఆయన అతకడం మొదలుపెట్టాడు. తొందరలో ఒకవైపు మొత్తం అతికేసి, తర్వాత రెండోవైపుకి వెళ్లాడు. బల్ల మీదైతే ఎప్పుడూ అలాగే చేసేవాడు, ఏమీ అయ్యేది కాదు. ఇనుము వేడెక్కి చల్లారేటప్పుడు అతుకు వైపుకి లాగుతుంది. బల్ల మీద క్లాంపులు దాన్ని కదలనిచ్చేవి కావు. నేల మీద దాన్ని ఆపేదెవరు? ఆ సంగతి మాకు తెలియక కాదు. ఇన్నేళ్లూ బల్ల చూసుకునే పని కాబట్టి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

ముగ్గురం కలిసి బంపరు ఎత్తి బండి వెనక పెట్టాం. బంపరు చేతులు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి. ఒకటి చాసీ పక్కకి చేరింది. రెండోది చాసీని గుద్దుకుని ఆగిపోయింది. బోల్టు కన్నాలు ఎక్కడివక్కడ తప్పాయి. మరిది సుత్తితో కొట్టాడు, గునపం వేసి ఎత్తాడు, భుజం పెట్టి తోశాడు. అది అంగుళం కూడా కదలలేదు.

"దించు" అన్నాడు మా ఆయన.

దించాం. ఆయన చేతిలో ఉన్న వెల్డింగు ముసుగుని గోడకేసి కొట్టాడు. పెళ్లయ్యాక ఆయన ఒక వస్తువు విసరడం అదే మొదటిసారి చూడటం. నల్ల అద్దం నిలువునా చీలింది. ఒక ముక్క ఊడి కింద పడింది.

ఇంకో అద్దం ఇంట్లో లేదు. అదీ ఏటి అవతలే.

"అన్నయ్యా, ఏం చేశావ్!" అన్నాడు మరిది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు నానా మాటలూ అనుకున్నారు. ఈ డొక్కు బండి కొనమని నీకెవరు చెప్పారని ఒకడు, అమ్మని ఏనాడైనా నువ్వు తీసుకెళ్లావా అని ఇంకొకడు. తుప్పు బండి కింద పెట్టుకుని ఇన్నాళ్లూ కళ్లు మూసుకున్నావన్నాడు ఒకడు, అమ్మ ప్రాణం కంటే నీకు నీ అతుకు అందమే ఎక్కువన్నాడు ఇంకొకడు. నేను మధ్యలోకి వెళ్లలేదు. నాకు కిటికీలోంచి ఒక చప్పుడు వినిపిస్తోంది. అత్తయ్య పడుకోలేక లేచి కూర్చుంది. కూర్చుని గాలి కోసం వెతుక్కుంటోంది.

"నోళ్లు ముయ్యండి ఇద్దరూ! అటు వినండి" అన్నాను.

ఇద్దరూ విన్నారు. మరిది అక్కడే నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"చేతులు కోసేద్దాం" అన్నాను. "విడివిడిగా బండికే పట్టించండి. తర్వాత బంపరు అడ్డం పెట్టి అక్కడికక్కడే అతికెయ్యండి. బల్ల లేకపోతే పోయింది, బండే బల్ల అనుకోండి."

"బోల్టులు పట్టవు. కన్నాలు తప్పాయి."

"బోల్టులెందుకు? చాసీకే అతికెయ్యండి."

"మళ్లీ జన్మలో ఊడదు."

"ఊడకూడదనే కదా మనం ఏడుస్తున్నది!"

డీజిలు ట్యాంకు వెనకే ఉంది కాబట్టి మరిది దాన్ని విప్పి దూరంగా పెట్టాడు. బ్యాటరీ తీగలు పీకాడు. నేను చేతులు కోసి వేరుచేశాను. మా ఆయన చీలిన అద్దానికి రేకు ముక్క ఆనించి, పక్కగా చూస్తూ బండి కింద వెల్లకిలా పడుకున్నాడు. ముందు చుక్కలు చుక్కలుగా, ఇటొకటి అటొకటి అతికాడు. ఆ తర్వాత కొంచెం ఎడమవైపు, కొంచెం కుడివైపు. రవ్వలు మెడ మీద పడుతుంటే పళ్లు బిగబట్టి పడుకున్నాడు. నేను ఒక చేత్తో వాన పడకుండా రేకు పట్టుకుని, రెండో చేత్తో తడి గోనె పట్టుకుని కూర్చున్నాను. చీలికలోంచి వెలుగు ఆయన కళ్లలోకి సూటిగా పోతోందని నాకు తెలుసు. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు. అనాలనీ అనిపించలేదు. నాకు ఆ క్షణాన మొగుడి కళ్లకంటే ఆ కిటికీలోంచి వచ్చే ఊపిరే ముఖ్యం.

మెట్టుని అన్నిటికంటే చివర అతికాడు. మంచం కోడు మీది గీత ఎత్తున. నున్నగా చేయడానికి నేను గ్రైండరు తీయబోతే కరెంటు పోయింది. రంగు మాత్రం ఉన్నదేదో పూశాను. మరిది ట్యాంకూ బ్యాటరీ తీగలూ మళ్లీ బిగించి, తెగిన బ్రేకు గొట్టం బదులు తన దగ్గరున్న పాతది వేశాడు.

తెల్లారేసరికి మా ఆయన కళ్లు ఉడికినట్టు వాచిపోయాయి. తెరవబోతే ధారగా నీళ్లు.

"ఇసుక పోసినట్టుందే" అన్నాడు. బంగాళాదుంప ముక్కలు కోసి కళ్ల మీద పెట్టి గుడ్డ కట్టాను. ఆయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి అత్తయ్య దగ్గరికి వెళ్లాను. ఆవిడ పెదాల రంగు మారింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. అయినా మంచం పట్టీ వదలడం లేదు.

"రాను. చెప్పాను... రాను."

"అమ్మా, ఈసారి ఊడదే. ఒట్టు" అన్నాడు మరిది.

"క్రితంసారీ... ఊడదనే అన్నావు."

వాడు ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. బలవంతాన ఎత్తుకెళ్లిపోదామా అని నాకూ అనిపించింది. కానీ ఆ రోజు నా మోచెయ్యి పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఆ భయంతో ఏటి మధ్యలో ఆవిడ గుండె ఆగిపోతే ఎవరిని అనుకోవాలి? బయట ట్రాక్టరాయన హారను కొడుతున్నాడు. నీరు కొంచెం తగ్గింది, మళ్లీ పైన వాన పడకముందే దాటాలి.

అప్పుడు మా ఆయన గోడ తడుముకుంటూ గదిలోకి వచ్చాడు.

"అమ్మా, నువ్వు లోపల కూర్చో. నేను బంపరు మీద నిలబడతాను."

ఆవిడ తలెత్తి చూసింది. కళ్లకి గుడ్డ, మెడ నిండా కాలిన బొబ్బలు. ఆవిడ ఎవరినైనా అంతసేపు చూడటం నాకు తెలియదు.

"కళ్లు... కనబడనివాడివి. ఎలా నిలబడతావురా?"

"అతుకు వదిలితే ముందు కాలికే తెలుస్తుంది. దానికి కళ్లెందుకు?"

"ఊడితే?"

"ఊడితే ముందు నేనే పోతాను."

అత్తయ్య మంచం పట్టీ వదిలింది. కాళ్లు కిందికి దించింది.

"అమ్మాయ్, నా చెప్పులేవే?"

నేను, మరిది చెరోవైపు పట్టుకున్నాం. బండి వెనక్కి వచ్చాక ఆవిడ మమ్మల్ని ఆగమంది. కాలెత్తి మెట్టు మీద పెట్టింది. కాలు సరిగ్గా ఆనింది. ఒక ఊపిరి తీసుకుని పైకి ఎక్కింది. నేను పక్కన కూర్చున్నాను. వెనక తలుపు వేశాక ఆ మెట్టు మీదే మా ఆయన ఎక్కి, పైనున్న కారియరు కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాడు. ట్రాక్టరాయన తాడు హుక్కులకి తగిలించాడు.

బండి ఏట్లోకి దిగింది. నీళ్లు చక్రాలు మునిగి, మెట్టు మీదికెక్కి, మా ఆయన పిక్కల దాకా వచ్చాయి. అత్తయ్య వెనక అద్దం పక్కకి జరిపి చెయ్యి బయట పెట్టింది. మా ఆయన చొక్కా అంచు పిడికిట్లో పట్టుకుంది.

"ఉన్నావురా?"

"ఉన్నానమ్మా."

కొంతదూరం పోయాక మళ్లీ. "ఉన్నావురా?" "ఉన్నా." నాకు తెలిసి ఆవిడ దేవుడి పేరు కూడా తలుచుకోలేదు, ఆ ఒక్క మాటే.

అదే చోట, ఏటి మధ్యలో, చక్రం మళ్లీ గోతిలో పడింది. బండి పక్కకి వాలింది. నీళ్లు లోపలికొచ్చాయి. అత్తయ్య కళ్లు గట్టిగా మూసుకుంది గానీ పిడికిలి వదల్లేదు. మరిది చెయ్యి బయటపెట్టి ఊపాడు. వెనక తాడు నీళ్లలోంచి లేచి బిగిసింది. కిర్రుమని చప్పుడు. అది బంపరుదో, బండిదో, నా పళ్లదో నాకు తెలియదు. నేను తల తిప్పి వెనక్కి చూడలేకపోయాను.

"అతుకు వదల్లేదు!" అని అరిచాడు మా ఆయన. "తమ్ముడూ, వదల్లేదురా! లాగమను!"

బండి మెల్లగా వెనక్కి కదిలింది. గోతిలోంచి చక్రం పైకి వచ్చింది. మరిది స్టీరింగు తిప్పి, గోతికి ఎగువ నుంచి చుట్టు తిరిగి మళ్లీ ముందుకి పోనిచ్చాడు. అవతలి ఒడ్డు ఎక్కాక బండి ఆపి దిగాడు. తాడు విప్పడానికి వెనక్కి వచ్చి, విప్పకుండానే అన్న కాళ్లని వాటేసుకుని భోరుమన్నాడు. మా ఆయన మాత్రం కడ్డీ వదలడం లేదు. వేళ్లు బిగుసుకుపోయాయి, నేను దిగి ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో నర్సమ్మ అత్తయ్యని చూడగానే తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య మిషను పక్కన పడుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. మా ఆయన కళ్లలో ఎవరో మందు వేసి, వరండా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎదురుగా చెట్టు కింద బండి నిలిపి ఉంది.

"ఎలా ఉందే?" అన్నాడు.

"పడుకుంది. బాగానే ఉంది."

"అమ్మ కాదు. అతుకు."

లేచి బండి దాకా వెళ్లి, వంగి చూసొచ్చాను. గడ్డలు గడ్డలుగా, వంకరటింకరగా, అతుకు మీద గడ్డకట్టే పెంకు కూడా సరిగ్గా రాలలేదు. ఆయన చేతి కింద అంత అధ్వాన్నమైన అతుకు నేనెప్పుడూ చూడలేదు.

"దరిద్రంగా ఉంది" అన్నాను.

ఆయన నవ్వాడు. గుడ్డ కిందనుంచి నీళ్లు కారుతుండగానే నవ్వాడు. నేను పక్కన కూర్చుని, ఇక ఆపుకోలేక, నలుగురూ చూస్తున్నా సరే, ఆయన భుజం మీద తలపెట్టి ఏడ్చాను.

ఆ వానాకాలమంతా వారానికి రెండుసార్లు ఏరు దాటాం. కళ్లు బాగయ్యాక కూడా మా ఆయన మెట్టు మీద నిలబడితే తప్ప అత్తయ్య బండి కదలనిచ్చేది కాదు. "వాడెక్కాడా?" అని అడిగి మరీ కూర్చునేది. బండి ఊరికే పోవడం దేనికని మరిది ఇంకొందర్ని ఎక్కించుకునేవాడు. నెలలు నిండిన ఒక అమ్మాయి ఆ మెట్టెక్కే వెళ్లింది. కాలు విరిగిన బడి పంతులు వెళ్లాడు. మధ్య రోజుల్లో మేం వసారా నేల మీద గేట్లు చేసేవాళ్లం. నడుములు పడిపోయేవి. మట్టం పెడితే బుడగ ఎటో ఒకవైపుకి పోయేది. అత్తయ్య కిటికీలోంచి చూసి, "పెద్దది ఉన్నన్నాళ్లూ దాని విలువ తెలియలేదర్రా" అని సానుభూతి చూపించేది.

వానలు వెనకబట్టాయి. వంతెన మళ్లీ కట్టారు. చలి ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, అత్తయ్య తన మంచం మీదే పోయింది. నిద్రలోనే, ఏ ఆయాసమూ లేకుండా. నేను దుప్పటి సర్దబోయి చూశాను. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పొడిగా ఉన్నాయి. ఆ మాట గుర్తొచ్చి అక్కడే కూలబడిపోయాను.

తర్వాత కొన్నాళ్లకి మరిది బండి తెచ్చి, వెనక భాగం వసారా వైపు తిప్పి ఆపాడు.

"వంతెన వచ్చింది కదా అన్నయ్యా. ఇక నాకు మామూలు రేకు బంపరు చాలు. కోసుకో. నీ బల్ల నీకు వస్తుంది, ఇంకొంచెం ఇనుము కలిపితే చాలు."

మా ఆయన బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, గ్రైండరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. కోసేది నేనే కదా. కళ్లద్దాలు పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. మెట్టు సరిగ్గా నా మొహం ఎదుటికి వచ్చింది. దాని మీద నేను పూసిన రంగు మధ్యలో అరిగిపోయి ఇనుము తేలింది. రెండు చోట్ల, పక్కపక్కన, ఆయన పాదాలు ఆనిన మేరకి. ఆయన అతుకులన్నీ నున్నగా చేసింది నేనే, ఆ ఒక్కటి తప్ప. ఆ గడ్డల మీద వేలు పెట్టి చూశాను.

లేచి ప్లగ్గు పీకేశాను.

"ఏమైంది వదినా?"

"ఏం కాలేదు. నీ బండి తీసుకుని పో. కొండమీద ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు."

మా ఆయన వైపు చూశాను. ఆయన అప్పటికే వసారాలోకి వెళ్లి, సగంలో ఆగిన గేటు ముందు నేల మీద కూర్చున్నాడు.

ఇప్పటికీ నేల మీదే చేస్తున్నాం. మొన్నొకాయన గేటు తీసుకెళ్లడానికి వచ్చి, మట్టం పెట్టి చూసి, ఒక మూల కొంచెం దిగిందేమిటమ్మా అని అడిగాడు.

"దిగిందండీ. మా బల్ల ఏరు దాటింది, ఇంకా వెనక్కి రాలేదు" అన్నాను.